నడిగడ్డలో పౌరసంబంధముల పూర్వకథ

మల్దకల్ వంటి గ్రామమున పుట్టి, గద్వాల కళాశాలలోనో పాలమూరు విశ్వవిద్యాలయములోనో పట్టము పుచ్చుకొన్న యేడే హైదరాబాదు బస్సెక్కి, అచట ఒక పౌరసంబంధాల ఏజెన్సీలో ట్రైనీగా చేరు యువజనులు నేడు కొందరు కానవచ్చుచున్నారు. వారు తిమ్మప్ప జాతరకు ఇంటికి వచ్చినపుడు తల్లి "ఆడ ఏం కొలువు బిడ్డా నీది?" అని యడిగిన, తృప్తికరమైన సమాధానము వారికి వెంటనే తోచదు. బడిపంతులు కొలువు, బ్యాంకు కొలువు, పోలీసు కొలువు, కంప్యూటరు కొలువు ఊరివారికి తెలియును. ఒక కంపెనీ చెప్పదలచిన మాటను పత్రికలకు, పత్రికల ద్వారా ప్రజలకు చేరవేసి, ప్రజలు ఆ కంపెనీని గూర్చి యనుకొనుచున్న మాటను తిరిగి కంపెనీ చెవిన వేయుట కూడ ఒక కొలువే యనియు, దానికి నెలనెల జీతముండుననియు చెప్పిన, వినువారు తలయూపుదురే గాని వారికి నమ్మిక కుదిరినట్లు కానరాదు. అయినను ఈ పని మన సీమకు కొత్తది కాదు. కృష్ణా తుంగభద్రల నడుమ నున్నందున నడిగడ్డ యని పిలువబడు ఈ భూభాగమున, ప్రభువు మాటను ప్రజలకును, ప్రజల మాటను ప్రభువునకును మోయుటయే జీవనముగా గలవారు తరతరములుగా నుండిరి. వారికి కార్యాలయములు లేవు, విజిటింగు కార్డులు లేవు. కాని వారి పనిలో పిన్నవారు ప్రవేశించుట, పెద్దలను చూచి నేర్చుకొనుట, పొరబడినప్పుడు మాట పడుట నేటివలెనే జరుగుచుండెను. ఆ పిన్నవారు పని నెట్లు నేర్చిరి, తాము మోసిన మాటకు ఎవరికి జవాబు చెప్పిరి అను రెండు ప్రశ్నలను వెంటబెట్టుకొని ఆ పూర్వకథను ఇచట వ్రాయుచున్నాను.

ఆ వృత్తులలో అన్నిటికంటె ప్రాచీనమైనది, అన్నిటికంటె అన్యాయమునకు లోనైనది చాటింపు. తహసీలు నుండియో సంస్థానపు కచ్చేరి నుండియో హుకుము వచ్చును. నిజాము రాజ్యమున అది మొదట పారసీలోను, 19వ శతాబ్ది చివరి పాదము నుండి ఉర్దూలోను ఉండెడిది. పట్వారి దానిని చదివి తన కర్థమైనంతలో పటేలునకు చెప్పును. పటేలు చావడి ముంగిట నిలిచిన చాటింపువానికి చెప్పును. అతడు దానిని ఊరివారి నోటి తెలుగులోనికి, సరిహద్దు పల్లెలలో నైనచో కన్నడములోనికి మార్చి వీధివీధిని చాటును. గద్వాల, అలంపురము తాలూకాలు 1956 వరకు రాయచూరు జిల్లాలోనివే యగుటచే ఈ సీమలో రెండు భాషలు తెలియుట ఎవరికిని ఆడంబరము కాలేదు. రాజధానిలో సుదీర్ఘముగ వ్రాయబడిన ఉత్తరువు ఇన్ని నోళ్లు మారి చివరి నోటికి వచ్చుసరికి దానిలోని బిరుదులును, విశేషణములును, "కావున ఇందుమూలముగ" మొదలగు నడకలును రాలిపోయి, ఎవరు రావలెను, ఎప్పుడు రావలెను, ఎంత పైకము తేవలెను అను మూడు సంగతులే మిగులుచుండెను. నేడు ఏజెన్సీలో చేరిన పిన్నవానికి పత్రికా ప్రకటన వ్రాయుట నేర్పువారు బోధించు మొదటి పాఠమును ఆ చాటింపువాడు బడి ముఖము చూడకయే ఎరిగియుండెను.

అతని పనిముట్టు డప్పు. కట్టె చట్రమునకు తోలు బిగించిన ఈ వాద్యమును వాయింపబోవుటకు ముందు గడ్డి మంటకు చూపి కాచవలెను. వేడికి తోలు బిగిసిన గాని గొంతు పలుకదు, ఎక్కువ కాగిన తోలు పగులును. ఎంత సేపు కాచవలెనో చెప్పు గ్రంథము లేదు. చేతివ్రేలితో మీటి విన్నవానికే అది తెలియును. ఎడమచేతిలోని సన్నని చిటికెన పుల్ల ఒక నాదమును, కుడిచేతిలోని సిర్ర మరియొక దెబ్బను ఇచ్చును. పెండ్లికొక దరువు, చావునకొక దరువు, జాతరకొక దరువు, చాటింపునకొక దరువు గలవు. చేనిలో కలుపు తీయుచున్న స్త్రీ తల యెత్తి చూడకయే ఊరిలో శుభము జరుగుచున్నదో, అశుభము జరిగినదో, సర్కారు మాట వచ్చినదో దరువును బట్టి పోల్చుకొనుచుండెను. కుర్రవాడు మొదట తండ్రి వెంట గడ్డి మోయును. తరువాత డప్పు కాచును. ఆ తరువాత ఎచట నిలిచి చాటవలెనో నేర్చును. బొడ్రాయి యొద్ద, చేదబావి యొద్ద, రచ్చకట్ట యొద్ద నిలువవలెను. ప్రొద్దుననైన నాగళ్లు కదలకముందు, సాయంకాలమైన పశువులు ఇల్లు చేరిన పిదప చాటవలెను. నడిమధ్యాహ్నమున చాటిన మాట ఖాళీ యిండ్ల గోడలకే వినబడును. జనము ఎప్పుడు ఎచట గుమికూడుదురో, ఎవరు విన్న పదిమందికి చెప్పుదురో అతని కెరుకయైయుండెను. చాటిన వెంటనే అరుగులమీది వారు "ఎవరు చెప్పిండ్రు? మాఫీ ఉందా, లేదా? మా వీధికి సుత వర్తిస్తదా?" అని గుచ్చి యడుగుదురు. తెలిసినది చెప్పవలెను, తెలియనిదానికి పటేలును అడిగి వచ్చి చెప్పవలెను. అతడు ఆ యూరివాడే. మరునాడు కూడ ఆ వీధిలోనే తిరుగవలసినవాడు. మాట తప్పైనచో ఆ తప్పు అతని ముఖముననే కొట్టబడును.

ఈ నైపుణ్యమును మెచ్చుకొనుచు దీని వెనుక నున్న పీడను దాచుట ధర్మము కాదు. చాటింపు మాదిగ కుటుంబములపై వెట్టిగ మోపబడిన చాకిరి. కళ్లమునాడు దోసిళ్లతో కొలిచి పెట్టిన మేర గింజలే ప్రతిఫలము. అవియు దయ గలిగిననాడే. రాజు మాటను ఊరంతట వినిపించినవాడు ఆ రాజు కచ్చేరి గడప తొక్కరాదు. పటేలు ఇంటి అరుగుపై కూర్చుండరాదు. తన గొంతును ఇతరుల మాటకే వాడవలసిన ఆ జాతి, తన మాట తాను చాటుకొనుటకు ఎంత కాలము వేచి యుండవలసి వచ్చెనో తలచుకొన్న హృదయము కలుక్కుమనును. 1994 జూలై 7వ తేదీన ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి వెలసినప్పుడు జనము ఆ యుద్యమమును దండోరా యనియే పిలిచిరి. ప్రభువు కొరకు మ్రోగిన వాద్యమును తమ హక్కు కొరకు మ్రోగించుకొనుట తెలుగునాట ప్రచార చరిత్రలో ఏ కంపెనీ సాధించిన విజయము కంటెను గొప్పదని నా నిశ్చితాభిప్రాయము.

చాటింపు గ్రామమునకు, కైవారము సంస్థానమునకు. సోమనాద్రి యని జనము పిలుచుకొను పెదసోమభూపాలుడు 18వ శతాబ్ది తొలినాళ్లలో కోట కట్టించి రాజధాని నేర్పరచిన గద్వాల, తరువాతి ప్రభువుల పండితాదరణచేత విద్వద్గద్వాల యని పేరు వడసెను. దూరదేశముల నుండి కవులు వచ్చి సభలలో పద్యములు చదివి, శాలువలు, వార్షికములు పొంది, మరల తమ దేశములకు పోయి గద్వాల దాతృత్వమును చెప్పుకొనుచుండిరి. తిరుపతి వేంకటకవులు సైతము ఈ సంస్థానమునకు వచ్చినవారే. భట్రాజులు వంశావళిని, బిరుదావళిని కంఠస్థము చేసి సభామధ్యమున వినిపించుచుండిరి. వారి పిల్లలు నాలుక తిరుగుటకు ఆ బిరుదులనే చిన్ననాటి నుండి వల్లించుచుండిరి. ఇది కీర్తిని పెంచు విద్య యనుటలో సందేహము లేదు గాని, దీనిలో మాట ఒక దిక్కునకే ప్రవహించును. పంట పోయిన రైతు ఏమనుకొనుచున్నాడో భట్రాజు రాజునకు చెప్పడు, చెప్పుమని అతని నెవరును అడుగరు. ఈ కారణముచేతనే స్తోత్రపాఠమును పౌరసంబంధములకు మూలముగ నేను అంగీకరింపజాలను. అది ప్రకటనల శాఖకు పితామహుడు కావచ్చును.

మల్దకల్ స్వామికి మాత్రము కైవారము చేయుటకు భట్రాజు లక్కరలేకపోయిరి. ఆదిశిలా క్షేత్రముగ ప్రసిద్ధమైన ఆ గుడిలో స్వయంభువుగ వెలసిన లక్ష్మీవేంకటేశ్వరుని జనము తిమ్మప్ప యని చనువుగ పిలుతురు. మార్గశిరమున జాతర జరుగును. బండ్లు కట్టుకొని వచ్చినవారు కొత్తకుండలలో వండి దాసంగములు సమర్పించి పోవుచు, పుట్టిన బిడ్డకు తిమ్మప్ప యనియో, ఊరి పేరునే తీసికొని మల్దకల్ అనియో పేరు పెట్టుకొందురు. ఆ బిడ్డ పెరిగి రాయచూరునకో కర్నూలునకో కూలికి పోయిన, అచట వాని పేరు విన్నవారు అదేమి పేరని యడుగుదురు. అతడు ఊరి మహిమ చెప్పును. ఎవరును వెలయిచ్చి చేయింపని ఈ ప్రచారము తరతరములు నిలిచినది, చెప్పువాడు తాను అనుభవించినదే చెప్పుటవలన.

సంస్థానములకు మరియొక విధమైన సంబంధీకులు కూడ కావలసి యుండిరి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు మొదలగు సంస్థానములు నిజామునకు పేష్కషు చెల్లించుచు, తమ లోపలి వ్యవహారములను తాము చక్కబెట్టుకొనుచుండెను. హైదరాబాదులో తమ పక్షమున మాటలాడుటకు వకీళ్లను ఉంచుకొనుచుండిరి. ఈ వకీలు న్యాయస్థానములో వాదించు ప్లీడరు మాత్రమే కాడు. దివానుగారి కచ్చేరిలో ఏ యధికారికి పలుకుబడి గలదు, ఏ ఫైలు ఏ గుమాస్తా యొద్ద నిలిచినది, దర్బారున ఎవరికి కోపము వచ్చినది, సంస్థానమును గూర్చి ఎవరు చెడు చెప్పుచున్నారు అను సంగతులను ఆరాతీసి తన ప్రభువునకు వ్రాయుట అతని దినకృత్యము. 1924 నుండి 1949 వరకు గద్వాల నేలిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ కాలము వంటి సంధికాలములలో, అనగా రాజధానిలోని ఒక్క యుత్తరువుతో సంస్థానపు గతి మారగల దినములలో, అట్టి సేవ ఎంత విలువైనదో ఊహింపవచ్చును. వకీలు వద్ద చేరిన కుర్ర గుమాస్తా మొదట నేర్చునది నకలు వ్రాయుట, పిమ్మట కచ్చేరి వరండాలో వేచి యుండుట. ఆ వేచియుండుటలోనే ఎవరిని ఏ సమయమున పలుకరింపవలెనో, ఎవరిని పలుకరింపకుండుటయే మేలో అతనికి బోధపడుచుండెను. నేటి ఏజెన్సీకి సరియైన పూర్వరూపము కావలెనన్న ఈ వకీలు ఇంటనే వెదకవలెను: దూరముననున్న యజమాని, రాజధానిలో జీతమునకు కుదిరిన ప్రతినిధి, మాట వినవలసిన మూడవవాడు, ముగ్గురును అచట నుండిరి. కాని వకీలు మాటాడునది అధికారులతోనే. ప్రజ అతని లెక్కలో లేదు.

ప్రజను లెక్కలోనికి తెచ్చినవాడు ఈ నడిగడ్డ బిడ్డయే. సురవరం ప్రతాపరెడ్డి 1896లో బోరవెల్లిలో జన్మించెను. ఇటిక్యాలపాడు ఆయన స్వగ్రామము. రెండును నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోనివే. న్యాయశాస్త్రము చదివి, వకీలుగ పేరు సంపాదింపదగిన కాలమున ఆ దారిని విడిచి, 1926 మే 10వ తేదీన హైదరాబాదులో గోలకొండ పత్రికను స్థాపించెను. సభ జరుపుకొనుటకు కూడ సర్కారు అనుమతి కావలెనని గస్తీ నిషాన్ 53 శాసించిన రాజ్యమది. తెలుగులో మాటాడుట నాగరికత కాదని పట్టణపు పెద్దలే భావించు దినములవి. అట్టిచోట వారమునకు రెండుమారులు తెలుగు పత్రికను వెలువరించుట, పల్లెల నుండి వచ్చిన వెట్టి కథలను, అధికారుల దౌర్జన్యములను అచ్చొత్తుట, వ్రాయువారు చాలనప్పుడు పలు మారుపేర్లతో తానే వ్రాయుట సామాన్యుల పని కాదు. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షుడు.

ఆయన చేసిన పనులలో ఒకదానిని పౌరసంబంధములలో చేరు ప్రతి విద్యార్థియు చదివి తీరవలెనని నా విన్నపము. తెలంగాణమున కవులు లేరను నింద ఒకటి ఆ రోజులలో వెలువడెను. నిందకు ప్రతినింద వ్రాయుట సులభము. ఆగ్రహముతో కూడిన సంపాదకీయము ఒక్క రాత్రిలో ముగియును, మూడవనాటికి మరువబడును. ప్రతాపరెడ్డి అట్లు చేయలేదు. పల్లెపల్లెకు వార్త పంపి, కవులను వారి వారి పేరు, ఊరు, జీవిత విశేషములతోపాటు మాదిరి పద్యములను కూడ పంపుడని కోరెను. పంపినవారిలో ప్రసిద్ధులున్నారు, ఎన్నడును అచ్చులో తమ పేరు చూచుకొననివారును ఉన్నారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడెను. ఆ సంచికలో కోపపు మాట అక్కరలేకపోయెను. పుట తిప్పిన ప్రతిచోట ఒక కవి, అతని యూరు కనబడుచుండగా నింద చేసినవారు ఏమి చెప్పగలరు? తన ప్రజల పక్షమున మాటాడుటకు పూనినవాడు మొదట తన ప్రజల వద్దకే పోయి, వారిచేతనే సాక్ష్యము చెప్పించెను. ఇరువది యేండ్ల యువతి యువకులకు ఏజెన్సీలలో నేడు సంక్షోభ నిర్వహణ మను పేరున గంటలకొలది ఉపన్యాసములు చెప్పుచున్నారు. వాని యన్నిటి సారము ఆ గ్రంథమున కలదు. 1949లో ఆయన ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమి 1955లో, ఆయన గతించిన రెండేండ్లకు, తెలుగునకు తన తొలి పురస్కారము నిచ్చెను.

పశ్చిమ దేశములలో ఈ వృత్తి కంపెనీల రూపు దాల్చుట కూడ ఇంచుమించుగ ఆ తరములోనే జరిగినది. 1906లో అట్లాంటిక్ సిటీ సమీపమున రైలు ప్రమాదము జరిగి యనేకులు మరణించినప్పుడు, పెన్సిల్వేనియా రైల్వే కంపెనీకి సలహాదారుడైన ఐవీ లీ సంగతిని దాచుటకు బదులు తానే వ్రాసి పత్రికలకిచ్చి, విలేకరులను స్థలమునకు కొనిపోవు ఏర్పాటు చేసెను. పత్రికా ప్రకటనకు ఆదియని వృత్తివారు చెప్పుకొనునది ఇదియే. మన దేశమున టాటా వారు 1943లో బొంబాయిలో ప్రత్యేక శాఖను తెరచిరి. 1958లో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడెను. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో జరిగిన తొలి అఖిలభారత మహాసభలో వృత్తి నియమావళిని స్వీకరించిరి. ఐవీ లీకి ఆరువందల యేండ్లకు పైగా పూర్వమే, 1244 ప్రాంతమున, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున శాసనము వేయించి, తుఫానుచేత ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును మునుపటి రాజులు కాజేయుచుండిరనియు, తాను నిర్ణీత సుంకము తప్ప ఒక్క కాసును పుచ్చుకొననని విదేశ వర్తకులకు అభయమిచ్చుచున్నాననియు ప్రకటించియుండెను. పూర్వ దోషమును బహిరంగముగ నొప్పుకొని, మీదట ఎట్లు నడచుకొనునో రాతిపై వ్రాసి యిచ్చిన ప్రభువు మనకు గలడని తెలిసినవాడు ఈ విద్యను పరదేశపు సరకని యనజాలడు.

స్వాతంత్ర్యానంతరమున మల్దకల్ ప్రాంతపు ప్రజలకు ఈ వృత్తి మొదట ప్రభుత్వపు జీపులో దర్శనమిచ్చెను. సమాచార శాఖ వారు పల్లెలలో పంచాయతీ రేడియోలు పెట్టించిరి. ప్రచార సహాయకుడు చీకటి పడువేళకు జీపుతో వచ్చి, బడి యావరణములో తెల్లని తెర కట్టి, మశూచి టీకాలను గూర్చియో, కొత్త ఎరువులను గూర్చియో, కుటుంబ నియంత్రణ ఎర్రత్రికోణమును గూర్చియో చిత్రములు చూపుచుండెను. పిల్లలు తెరకు ముందు, పెద్దలు వెనుక, ఆడవారు చీకటిలో ఒక ప్రక్క కూర్చుండిరి. రీలు మార్చు వ్యవధిలో సహాయకుడు మైకు పట్టుకొని మాటాడవలెను. ఆ నాలుగు నిమిషములలో జనమును పట్టి యుంచగలిగినవాడే ఆ యుద్యోగమున నిలద్రొక్కుకొనెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1954లో జర్నలిజము శాఖ ప్రారంభమైన పిమ్మట చదువుకొని ఈ కొలువునకు వచ్చువారు పెరిగిరి. 1982లో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము పౌరసంబంధములను పట్టపు చదువుగనే నెలకొల్పి, ఊరు విడువలేనివారికి కూడ ఆ ద్వారము తెరచెను. ఇటీవల తెలంగాణ సాంస్కృతిక సారథి 550 మంది కళాకారులను నెలజీతమునకు తీసికొని పాట ద్వారా, డప్పు ద్వారా ప్రభుత్వ పథకములను చెప్పించుచున్నది. వెట్టికి మ్రోగిన డప్పునకు జీతపు చిట్టాలో పేరు వచ్చుట నాకెంతయు హర్షదాయకము. ఆ డప్పు అప్పుడప్పుడు ప్రజల ఫిర్యాదును కూడ జిల్లా కచ్చేరికి మోసికొనిపోయిన ఆ హర్షము ఇనుమడించును.

కంపెనీల పక్షమున పనిచేయు ఏజెన్సీలు మాత్రము 1991 నాటి ఆర్థిక సంస్కరణల పిదపనే విస్తరించెను. 1992లో ఢిల్లీలో వెలసిన జెనెసిస్, పర్ఫెక్ట్ రిలేషన్స్ వంటి సంస్థలు దారి చూపెను. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైదరాబాదులో సాఫ్ట్‌వేరు, ఔషధ, ఆసుపత్రి, స్థిరాస్తి వ్యాపారములవారందరికిని పత్రికలతో పని పడెను. అయినను తెలుగువారికి పి.ఆర్.ఓ. అను మూడక్షరములను ముందుగ పరిచయము చేసినది సినిమా గోడపత్రిక. బి.ఎ.రాజు పేరును ఆ మూడక్షరముల ప్రక్కన చూడని సినీ ప్రేక్షకుడు అరుదు.

ఏజెన్సీలో చేరిన పిన్నవాని తొలి సంవత్సరము ఎట్టిదో కొంత వివరింతును. తెల్లవారకమునుపే తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ పత్రిక లన్నిటిని ముందు వేసికొని, క్లయింటు పేరు, క్లయింటు పోటీదారు పేరు ఎచటెచట వచ్చినవో వెదకి, కత్తిరించి, తొమ్మిది గంటలలోపల నివేదిక పంపవలెను. ఇప్పుడు కత్తెర స్థానమున కంప్యూటరు వచ్చినది గాని కన్నుల శ్రమ తగ్గలేదు. ఇది చాకిరివలె కనబడును; దీనివలన ఏ పత్రిక ఏ వార్తను ఏ పుటలో వేయునో ఆరు మాసములలో తెలిసిపోవును. తరువాతి పని విలేకరుల పట్టిక. ఆరోగ్య వార్తలు ఎవరు చూతురు, వాణిజ్య పుట ఎవరిది, మధ్యాహ్నము ఎన్నింటి తరువాత వారికి ఫోను చేయరాదు అనునవి ఆ పట్టికలో ఉండవు, ఆ పట్టికను పట్టుకొని తిరిగినవాని తలలో ఉండును. సోమాజీగూడ ప్రెస్‌క్లబ్బులో సమావేశము పెట్టించుట, కుర్చీలు లెక్కించుట, రాని విలేకరికి ప్రెస్‌నోటు చేరవేయుట ఇవన్నియు పిన్నవాని భారములే. సమావేశానంతరము కానుకల సంచులు పంచు దురాచారము గూడ అచటచట గలదు. దానిని మొదటిదినమే నిరాకరింప నేర్చినవాడు చివరివరకు తలయెత్తుకొని తిరుగగలడు.

అన్నిటికంటె కష్టమైనది తెలుగు ప్రెస్‌నోటు. క్లయింటు కార్యాలయమున అది ఇంగ్లీషులో పుట్టును. ఒక ఆసుపత్రివారు మల్దకల్‌లో ఉచిత నేత్రశిబిరము పెట్టుచున్నారనుకొందము. ఇంగ్లీషు నోటులో మొదటి వాక్యము చైర్మనుగారి పేరుతో మొదలై, వారి పదవులతో సాగి, సంస్థ ఆశయములతో ముగియును. శిబిరము ఎప్పుడో మూడవ పేరాలో, ఎచటనో నాలుగవ పేరాలో ఉండును. కొత్తగ చేరినవాడు దానిని మాటకు మాట తెలిగించి పంపును. పత్రిక డెస్కులో సబ్ ఎడిటరు దానిని చూచి, ఆ మూడు పేరాలను కొట్టివేసి, "మల్దకల్‌లో ఆదివారం ఉచిత కంటి పరీక్షలు" అని శీర్షిక పెట్టి, బడి పేరు, గంట, వెంట తేవలసిన కాగితములు ఇవియని ఆరు పంక్తులలో ముగించును. ఈనాడు 1989లో జిల్లా పత్రికలను వేరుగ వెలువరింప మొదలిడి, ఇతరులును ఆ త్రోవ పట్టిన నాటినుండి, పాఠకుడు పత్రిక విప్పిన వెంటనే తన మండలపు పేరునే వెదకుచున్నాడు. ఆ ఆరు పంక్తులను మొదటనే వ్రాసి పంపగలుగుటకు కొందరికి రెండేండ్లు పట్టును. పల్లెలో పెరిగినవారికి అంతకాలము పట్టకపోవుటను నేను గమనించితిని. వినువారి ప్రశ్న వారి చెవిలో ముందే యుండును.

మల్దకల్ పరిసరములలోనే ఈ వృత్తికి కావలసిన పని చేతినిండ కలదని చెప్పిన ఏజెన్సీలవారు ఆశ్చర్యపడుదురేమో. గద్వాల, మల్దకల్, అయిజ, గట్టు ప్రాంతములు విత్తన పత్తికి దేశమున పేరొందినవి. వానకాలమున తెల్లవారుజామున చేలలోనికి దిగి, పూవు పూవునకు చేతితో పుప్పొడి నద్దుచు క్రాసింగు చేయు కూలీల శ్రమ ఫలితమే దూరప్రాంతముల రైతు కొనుగోలు చేయు హైబ్రిడ్ విత్తనపు సంచి. ఆ సంచిమీద పేరు గల కంపెనీని ఇచటి రైతు ఎరుగడు, అతడెరిగినది ఆర్గనైజరును. మూలవిత్తన మిచ్చువాడు, పెట్టుబడికి అప్పిచ్చువాడు, పంట తీసికొనిపోవువాడు, జి.ఓ.టి. యను విత్తన స్వచ్ఛతా పరీక్షలో విత్తనము ఫెయిలైనదని చెప్పువాడు, అందరును ఆ యొక్కడే. ఎందుకు ఫెయిలైనది, నివేదిక యేది అని రైతు అడిగినప్పుడు చూపదగిన కాగితము చాలమారులు అతని యొద్ద ఉండదు. అప్పుడు ధర్నాలు, రాస్తారోకోలు. మరునాటి జిల్లా పుటలో వార్త. ఆ కత్తిరింపు హైదరాబాదు ఏజెన్సీ బల్లపై తొమ్మిది గంటలకు. ఏడాది పొడవున చేనిలో పోగైన అనుమానమునకు ఆ పూట వ్రాసిన ఖండన ప్రకటన ఏమి చేయగలదు? 2025 జూన్ మాసమున రాజోలి మండలము పెద్దధన్వాడలో ఇథనాల్ కర్మాగారమును ప్రజలు ప్రతిఘటించినప్పుడు కూడ ఇదియే కనబడినది. తమ నీటికి, తమ పొలములకు ఏమి జరుగునో యని ఊరివారు భయపడిరి. ఆ భయము ఘర్షణగా మారి, అరెస్టులు జరిగిన పిదప గాని రాజధానిలోని వారికి ఆ యూరి పేరు తెలియలేదు.

కావున నేను ఏజెన్సీల పెద్దలను కోరునది ఒక్కటియే. కళాశాల నుండి వచ్చిన పిన్నవారిని కూర్చుండబెట్టి కత్తిరింపులు చేయించుట మాన నక్కరలేదు. కాని తొలి సంవత్సరమున మూడు మాసములైనను క్లయింటు సరకు పండు ఊరికి, క్లయింటు పొగ తగులు ఊరికి వారిని పంపవలెను. క్రాసింగు కాలమున మల్దకల్‌లో గది అద్దెకు తీసికొని, ప్రొద్దున చేలగట్లమీద, సాయంకాలము ఆర్గనైజరు అరుగుమీద కూర్చుండి, రైతులు జి.ఓ.టి. నివేదికను గూర్చి యడుగు ప్రశ్నలను వారి మాటలలోనే వ్రాసికొని, ఆ ప్రశ్నలను మార్పులేక కంపెనీ డైరెక్టరు బల్లపై పెట్టి, జవాబు తెలుగులో వ్రాయించి, దానిని తీసికొని మరల ఆ చేనికే పోవలెను. ఆ జవాబు వినిన రైతు ఇంకొక ప్రశ్న వేయును. దానిని కూడ వ్రాసికొనవలెను.